గాలపగోస్ వెళ్తున్నారా? "పిల్ల తాబేలు విరాళం" ప్యాకేజీ మాత్రం కొనకండి

నిన్న ప్యూర్తో అయోరాలో (ఈక్వడార్‌కి చెందిన గాలపగోస్ దీవుల్లో, శాంతాక్రూజ్ దీవి మీది ఊరు) జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మన ట్రావెల్ గ్రూపుల్లో తిరుగుతున్న, పక్కనున్న ఇసబెలా దీవికి రెండు రోజుల ప్యాకేజీ కొన్నాం. అమ్మినవాళ్ళ పేరు రాయను. సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం, తాబేళ్ళ పెంపక కేంద్రం, పడవ, బస, ఆపైన మనిషికి 60 డాలర్లు "పిల్ల తాబేలు సంరక్షణ విరాళం". ముగ్గురికి 180. రసీదు తీసుకోమని మా ఆయన చెప్తూనే ఉన్నారు, వింటేగా! డల్లాస్‌లో పది డాలర్ల టీషర్టుకి కూడా బిల్లు దాచుకునే మనిషిని నేను.

పొద్దున్నే రేవు దగ్గరికెళ్తే వాళ్ళ గైడు "సముద్రం బాగాలేదు, ఇసబెలా లేదు" అన్నాడు. మా కళ్ళముందే మిగతా పడవలు ఇసబెలాకి బయల్దేరాయి. బదులుగా అంటూ వ్యానెక్కించి శాంతాక్రూజ్ కొండమీద ఒక ఫారానికి తీసుకెళ్ళాడు. తాబేళ్ళు ఉన్నాయి, కాదనను. బురదగుంటలో బండరాళ్ళలా పడున్న వాటిని చూసి నాన్నగారు చిన్నపిల్లాడైపోయారు. రెండు మీటర్ల దూరంలో ఉండాలని రూలు. గైడు గారేమో ఫొటో కోసం పక్కనే కూర్చోమంటాడు! నాన్నగారే "వద్దమ్మా, దాన్ని గడ్డి తిననీ" అన్నారు.

సరే, మా పిల్ల తాబేలు సంగతేంటి, రసీదేదీ అని అడిగాను. నవ్వాడు. "తాబేలు వందేళ్ళు బతుకుతుంది మేడమ్, రసీదుకి తొందరేముంది?" అన్నాడు. అని, డ్రైవరుతో స్పానిష్‌లో ఏదో చెప్తే ఇద్దరూ పగలబడి నవ్వారు. నాన్నగారు విననట్టు టోపీ సర్దుకుని అటు తిరిగారు. 180 డాలర్ల కంటే నాకు అదే ఎక్కువ మండుతోంది. (మాకు పెట్టిన టోపీ ఇంకా పెద్దదనుకోండి.)

సాయంత్రం మేమే నడుచుకుంటూ ఊళ్ళోనే ఉన్న డార్విన్ స్టేషన్‌కి (తాబేళ్ళని పెంచే పరిశోధనా కేంద్రం) వెళ్ళాం. అరచేతిలో పట్టేంత పిల్ల తాబేళ్ళు, డిప్పల మీద రంగుతో నంబర్లు. ఎలుకల పాలు కాకుండా నాలుగైదేళ్ళు పెంచి, వాటి దీవుల్లోనే వదులుతారట. ఎస్పన్యోలా దీవిలో 14 తాబేళ్ళే మిగిలితే, శాన్ డియేగో జూ నుంచి డియేగో అనే మగ తాబేలుని కూడా తెప్పించి సంతతి పెంచారు, 2020లో ఆ ముసలివాళ్ళని ఇంటికి పంపేశారు. పింటా దీవి తాబేళ్ళ జాతిలో ఆఖరివాడు లోన్‌సమ్ జార్జ్ 2012లో పోయాడు, వాడి కళేబరాన్ని పాడవకుండా అద్దాల వెనక నిలబెట్టి ఉంచారు. ఇంత పని చేసేవాళ్ళ పేరు చెప్పుకుని జేబు నింపుకున్నాడు వాడు. మా విరాళం గురించి అడిగితే అలాంటిదేమీ రాలేదన్నారు.

ప్యాకేజీ డబ్బులో సగం ఇస్తా, రేపు ఆఫీసుకి రండి అన్నాడు ఆ గైడు. ఈరోజు వెళ్తే షట్టర్ దించి ఉంది.

విరాళం ఇవ్వాలనుంటే సంస్థకే నేరుగా ఇవ్వండి. దీవిలో దిగగానే కట్టే 200 డాలర్ల పార్కు ఫీజు వేరు, దానికి రసీదిస్తారు. ఇసబెలా స్పీడుబోటు టిక్కెట్టు విడిగా దొరుకుతుంది, రెండు గంటల పైనే ప్రయాణం. రేపు మాకు తిరుగు విమానం, ఇసబెలా చూడకుండానే.