స్టేషన్ గోడ మీద మనవాళ్ళ బొమ్మలు: ఒక బోర్డు ఆర్టిస్టు రివ్యూ

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వెళ్ళే లైన్లో ఒక చిన్న స్టేషన్. పాసింజరు అక్కడ రెండు నిమిషాలు కూడా ఆగదు. ఇదివరకు ఆ కాసేపట్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఫోన్లోంచి తల ఎత్తేవారు కాదు. ఇప్పుడు ఎత్తుతున్నారు. పిల్లలైతే ఊచలు పట్టుకుని లేచి నిలబడుతున్నారు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం గోడ మీద నాలుగు పెద్ద బొమ్మలున్నాయి. నాలుగూ మన ప్రాంతం వాళ్ళు వేసినవే. ఆ బొమ్మల గురించీ, వాటిని వేయించిన పద్ధతి గురించీ ఈ రివ్యూ. కొన్ని తప్పులు కూడా చెప్పాలి కాబట్టి స్టేషన్ పేరు రాయడం లేదు.

ముందు నా సంగతి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బోర్డులు రాసినవాణ్ణి. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక గురువుగారి దగ్గర పని నేర్చుకున్నాను. కిరాణా కొట్లు, టైలరు షాపులు, బడి గోడలు, లారీల వెనక అక్షరాలు, అన్నీ రాశాను. ఫ్లెక్సీ వచ్చాక బ్రష్షు పట్టే రోజులు తగ్గిపోయాయి. ఈ స్టేషన్ పనిలో బొమ్మల కింద వివరాలు రాయడానికి నన్ను పిలిచారు. పదకొండు రోజులు అక్కడే ఉన్నాను. నేను రాసిన అక్షరాల మీద తీర్పు మీరే చెప్పాలి. మిగతాదంతా దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాలుగింటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది సవర బొమ్మ. సవర గిరిజనులు తమ ఇంటి గోడల మీద వేసుకునే బొమ్మ అది. పన్నెండు అడుగుల పొడవు, ఏడు అడుగుల ఎత్తు. సీతంపేట కొండల మీది ఊరు నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చి వేశారు. పని అప్పజెప్పినవాళ్ళు మొదట కలర్‌ఫుల్‌గా ఉండాలి అన్నారు, నీలం ఆకాశం, పచ్చటి కొండలు వెయ్యమన్నారు. పెద్దమ్మాయి ఒప్పుకోలేదు. "మా ఇంట్లో గోడ ఎర్రగా ఉంటాది బాబూ, బొమ్మ తెల్లగా ఉంటాది. అదే వేస్తాం" అంది. మర్నాడు వాళ్ళ ఊరి ఎర్రమట్టి ఒక పిడికెడు అడ్డాకులో చుట్టి తెచ్చింది. ఆ రంగు కలిపే పని నాకు పడింది.

ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌లో రెడ్ ఆక్సైడ్ స్టెయినరు, కొంచెం యెల్లో ఓకర్, చుక్క నలుపు వేసి కలిపాను. బకెట్లో అచ్చం మట్టిలాగే ఉంది. గోడకు పూసి ఆరనిస్తే ముదురుగా తేలింది. మట్టి ఆరితే రంగు తేలిపోతుంది, ఎమల్షన్ ఆరితే రంగు ముదురుతుంది. అందుకని పక్కపక్కనే రెండు చిన్న చదరాలు, ఒకటి మట్టితో, ఒకటి రంగుతో పూసి, రెండూ ఆరాక చూసుకుంటూ వచ్చాం. అయిదోసారికి కుదిరింది. "ఇదే" అని చిన్నమ్మాయి గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. నా పనిలో ఎన్నో రంగులు కలిపాను గానీ అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

వాళ్ళు గీసే తీరు కూడా చెప్పాలి. మేమైతే ముందు మధ్య గీత కొట్టి, గళ్ళు వేసి, చిన్న స్కెచ్ నుంచి పెద్దది చేస్తాం. వాళ్ళు ముందు చుట్టూ అంచు కట్టేశారు. అంచు నుంచి వల అల్లినట్టు లోపలికి వచ్చారు. ఇంటి దగ్గర బియ్యప్పిండితో వేస్తారు, ఇక్కడ తెల్ల ఎమల్షన్ పల్చగా కలిపి వాడారు. నేను ఇచ్చిన రెండో నంబరు బ్రష్షు పక్కన పెట్టి, వెదురు పుల్ల కొస నలిపి దానితోనే గీశారు. రంగు పుల్ల పీచులో గట్టిపడకుండా గీత గీతకీ నీళ్ళలో ముంచుకుంటూ. సూర్యుడు, చంద్రుడు, నెమళ్ళు, ఏనుగు, చేతులు పట్టుకుని థింసా ఆడినట్టు వరసలో మనుషులు, జీలుగు చెట్టెక్కి కల్లుకుండ దింపుతున్నవాడు. వీటన్నిటి మధ్యలోంచి ఒక రైలు. ప్రతి కిటికీలో ఒక మనిషి, ఒక పెట్టెలో మాత్రం మేక. రైలు వెయ్యమని ఎవరూ చెప్పలేదు. సవర బొమ్మల్లో సైకిలు, రైలు, విమానం రావడం కొత్తేమీ కాదు. చూసినదాన్ని బొమ్మలోకి తెచ్చుకోవడం వాళ్ళకు ముందు నుంచీ ఉన్నదే.

ఇంకో మాట అన్నారు, అది నేను మర్చిపోలేను. ఇంట్లో బొమ్మ వేసేది పెద్దల కోసం, పంట కోసం, ఒంట్లో బాగోనప్పుడు బాగవ్వాలని. పూజ చేసి వేస్తారు. "ఇది స్టేషన్ కదా, పూజ బొమ్మ కాదు. అందులో వేసేవి కొన్ని ఇక్కడ వెయ్యం" అన్నారు. ఇంటర్నెట్లో ఫొటో చూసి కాపీ కొట్టే ఆర్టిస్టుకు ఏది వెయ్యాలో తెలుస్తుంది, ఏది వెయ్యకూడదో తెలియదు. స్థానికులకే పని ఇవ్వాలని నేను గట్టిగా అనడానికి ఇదొక్కటి చాలు.

రెండోది సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే విజయనగరం జాతర. ఫైన్ ఆర్ట్స్ చదివిన విజయనగరం కుర్రాడు వేశాడు. పైడితల్లి అమ్మవారి సిరిమాను బొమ్మలు మన ఊళ్ళో కేలెండర్ల మీద, ఫ్లెక్సీల మీద బోలెడు చూస్తాం. అన్నీ ఎదురుగా నిలబడి తీసిన ఫొటోల్లా ఉంటాయి. ఇతను కింద నుంచి చూసి వేశాడు. నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లాడికి ఎలా కనిపిస్తుందో అలా. చింతమాను గోడ ఈ చివర కింద నుంచి ఆ చివర పైకి ఏటవాలుగా లేస్తుంది, కొసన పూజారి చిన్నగా, ఆకాశానికి ఆనుకున్నట్టు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం, ఒక్కటి కూడా వదల్లేదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం ఆ జనంలో నలిగినవాడికే ఈ వరస చేతిలోంచి వస్తుంది. ఒక పెద్దావిడ రైలు దిగి, సంచీ కింద పెట్టి, బొమ్మలోని అమ్మవారి గుడి వైపు తిరిగి దండం పెట్టడం నేను కళ్ళారా చూశాను.

మూడోది తప్పెటగుళ్ళు, తప్పెట వాయిస్తూ గెంతుతూ ఆడే మన ఉత్తరాంధ్ర జానపద ఆట. కాళ్ళ గజ్జెలు, గెంతు, చెమట అన్నీ బాగా వచ్చాయి. మొదట తప్పెట నడుము దగ్గర వేసేశారు. రోజూ పాలు తీసుకుని ఆ స్టేషన్లో దిగే ఒక ముసలాయన ఆగి, "తప్పెట ఇక్కడ బావూ" అని తన గుండె మీద చెయ్యి వేసి చూపించాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆడినవాడట. మర్నాడు మార్చారు. నాలుగోది బొబ్బిలి వీణ. పనస చెక్క రంగు సరిగ్గా ఉంది, తీగ నొక్కే మెట్లు లెక్కపెడితే ఇరవై నాలుగూ ఉన్నాయి. కానీ ఫొటో చూసి దించిన బొమ్మలా ఉంది, చూడగానే దాటిపోతాం. గొల్లపల్లిలో ఒకే దుంగను తొలిచి వీణ చేసే మనిషి చేతులు వేసి ఉంటే ఆ గోడకు ప్రాణం వచ్చేది.

ఇప్పుడు డబ్బు సంగతి. మొదట చదరపు అడుగు లెక్కన రేటు చెప్పారు. గోడకు సున్నం వేసినట్టే. సవర బొమ్మ ఎనభై నాలుగు అడుగులు, అడుగుకు 60 చొప్పున 5,040 రూపాయలు. ఇద్దరు మనుషులు, వారం రోజుల పని. రోజుకు తలా 360. పరంజా కట్టిన మేస్త్రీ కూలీ అంతకు రెట్టింపు. పైగా పాలకొండ మీదుగా బస్సు చార్జీలు, భోజనం వాళ్ళవే. అడుగు లెక్క పెడితే ఖాళీ ఆకాశం వేసినవాడికి లాభం, అంగుళం అంగుళానికీ ఒక మనిషిని గీసినవాళ్ళకు నష్టం. పని చూసుకునే అతను కుర్రవాడే అయినా మంచివాడు, కూర్చోబెట్టి లెక్క చెబితే విన్నాడు. పైవాళ్ళతో మాట్లాడి బొమ్మకు ఇంత అని మాట్లాడుకునేలా మార్చాడు, స్కెచ్‌కు వేరే డబ్బు ఇప్పించాడు. ఎంతకు కుదిరిందో వాళ్ళ విషయం, నేను చెప్పకూడదు. కానీ ఆ అక్కాచెల్లెళ్ళు సంతోషంగా వెళ్ళారు. ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి పని చేయించేవాళ్ళు ఉంటే దయచేసి అడుగు లెక్క వద్దు.

మెచ్చుకోవలసినంతా మెచ్చుకున్నాను. బాధ కలిగించినవి చెబుతాను.

గోడకు కొత్త ప్లాస్టరింగ్ చేశారు. అది ఆరడానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది, నీళ్ళ ట్యాంకు పక్కనున్న గోడకు ఇంకా ఎక్కువే. ప్రారంభం తేదీ దగ్గర పడిందని పది రోజులకే పుట్టీ, ప్రైమరు పెట్టించేశారు. వద్దని రెండుసార్లు చెప్పాను. అక్టోబరు వానలకు వీణ బొమ్మ కింద రెండడుగుల మేర పొక్కులు లేచి పెచ్చులు ఊడాయి. ఆర్టిస్టు తప్పు ఏమీ లేదు, చూసేవాళ్ళు మాత్రం ఆర్టిస్టునే అంటారు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. బొమ్మలు పూర్తయ్యాక వేరే పనివాళ్ళు వచ్చి తప్పెటగుళ్ళ ముందు బెంచీలు బిగించారు. వీపులు, తలలు ఆనించి ఆనించి నూనె మరకలు పడుతున్నాయి. సరే, ప్రయాణికులు కూర్చోవాలి. కానీ ఒక బోర్డు తగిలించడానికి సరిగ్గా ఒక కళాకారుడి గుండె మీద, తప్పెట మధ్యలో, నాలుగు డ్రిల్లింగ్ కన్నాలు వేశారు. ఒక అడుగు పక్కకు జరిపితే ఖాళీ గోడ ఉంది. ఆ రోజు నేను రైలెక్కకుండా అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను. బొమ్మకు డబ్బులిచ్చినవాళ్ళు, కాపాడే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసుకోలేదు. టచప్‌కు ఎవరిని పిలవాలి, రంగుల నంబర్లు ఏవి, ఏదీ లేదు. నేను నా పుస్తకంలో రాసుకున్నవే మిగిలాయి.

బీహారులో మధుబని స్టేషన్‌కు 2017లో అక్కడి కళాకారులు గోడలన్నీ మధుబని బొమ్మలతో నింపేశారు. మహారాష్ట్రలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు అక్కడి అడవి, పులి బొమ్మలు వచ్చాయి. 2018లో రైల్వే శాఖ అందమైన స్టేషన్లకు ఇచ్చిన బహుమతుల్లో బల్లార్షా, చంద్రపూర్ మొదటివి, మధుబని తర్వాతిది. వాటి ఫొటోలు చూసినప్పుడల్లా మనకెందుకు లేదు అనుకునేవాణ్ణి. మధుబనిలో కళాకారులు శ్రమదానంగా, డబ్బు తీసుకోకుండా వేశారు. వాళ్ళ ప్రేమకు దండం పెడతాను. అయినా కూలీ మానుకుని కొండ దిగి వచ్చే మనిషిని ఉచితంగా వెయ్యమని అడగడం నాకు ఇష్టం లేదు. ఆ విషయంలో మన స్టేషన్ మంచి దారే పట్టింది.

అయిదు స్టార్లకు నాలుగు ఇస్తాను. కన్నాలకూ, చెమ్మకూ కలిపి సగం స్టారు తగ్గించాను. మిగతా సగం పేర్ల కోసం.

బోర్డు ఎంత చిన్నదైనా కుడివైపు కింద మూల ఆర్టిస్టు పేరు రాసుకోవడం మా పనిలో ఆనవాయితీ. అద్దె కట్టలేని పాన్ షాపు బోర్డు మీద కూడా నా పేరుంది. ఈ గోడ మీద నాతో నాలుగు వివరాలు రాయించారు. సవర బొమ్మ కింద ఇచ్చిన కాగితంలో సీతంపేట శ్రీకాకుళం జిల్లా అని ఉంటే, 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా అని చెప్పి సరిచేయించాను. ఏ కళ, ఏ ఊరు, ఏ జిల్లా, అన్నీ ఉన్నాయి. వేసినవాళ్ళ పేర్లు లేవు. అడిగితే "చూద్దాం" అన్నారు. ప్రారంభం రోజు శిలాఫలకం మీద మాత్రం చాలా పేర్లున్నాయి.

అడుగుతూనే ఉన్నాను. కలిసినప్పుడల్లా, ఫోన్లో, ఒక కాగితం రాసి కూడా. పోయిన వారం ఆ కుర్రవాడే ఫోన్ చేశాడు. "రాసెయ్యండి సార్, ఒప్పుకున్నారు" అన్నాడు.

వెంటనే సీతంపేట ఫోన్ కలిపాను. పెద్దమ్మాయి ఎత్తింది. పేరు ఎలా రాయమంటావమ్మా అని అడిగాను. కాసేపు ఎవరితోనో సవరలో మాట్లాడింది. "ముందు మా ఊరి పేరు రాయండి బాబూ. తర్వాత మా అమ్మ పేరు, ఆవిడే నేర్పింది. మావి కింద రాయండి" అంది.

అంగుళం అక్షరం పదడుగుల దూరానికి బాగా చదవొచ్చని మాకో లెక్క. గోడ నుంచి ప్లాట్‌ఫారం అంచుకు ఇరవై అడుగులు. గురువారం పొద్దున్న పాసింజరుకు వెళ్తున్నాను. రెండంగుళాల అక్షరం వేస్తాను.