ట్రెక్‌లో టాయిలెట్: గొయ్యి మేలా, టెంటు మేలా, మోసుకురావడం మేలా?

ట్రెక్‌కు ఏమేం తెచ్చుకోవాలని అడిగేవాళ్లు జాకెట్ గురించీ బూట్ల గురించీ గ్రూపులో అందరి ముందే అడుగుతారు. "మరి బాత్రూమ్ సంగతి?" అని మాత్రం విడిగా మెసేజ్ పెడతారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన తాతల కాలం దాకా చెంబు పట్టుకుని చేనుగట్టు దాటినవాళ్లమే. కాకపోతే అక్కడ ఎండా, మట్టీ, పేడపురుగులూ మిగతా పని చూసుకునేవి. 12 వేల అడుగుల ఎత్తున, మంచులో, ఆ పని చేసిపెట్టడానికి ఎవరూ ఉండరు. అందుకే ఈ మూడు పద్ధతుల్లో ఏది మేలన్న ప్రశ్నకు నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: వెళ్లేది ఎక్కడికి, ఎంతమంది?

ముందుగా గొయ్యి. ఖర్చు లేదు, మొక్కలకు వాడే చిన్న చేతిపార ఒకటి ఉంటే చాలు. అమెరికాలో 'లీవ్ నో ట్రేస్' (జాడ వదలొద్దు) అనే సంస్థ వాళ్లు చెప్పే కొలతలే ఇప్పుడు చాలాచోట్ల చెబుతున్నారు: 6 నుంచి 8 అంగుళాల లోతు, నీటికీ దారికీ క్యాంపుకీ 200 అడుగుల దూరం. మన లెక్కలో జానకు కాస్త తక్కువ లోతు, 70 పెద్ద అంగల దూరం. లోతు విషయంలో చాలామంది ఎంత తవ్వితే అంత మంచిదనుకుంటారు. కాదు. మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు, వానపాములు, వాటికి కావలసిన గాలి, అన్నీ పైమట్టిలోనే ఉంటాయి. మూడడుగులు తవ్వితే కుళ్లకుండా దాచిపెట్టినట్టే అవుతుంది. బెత్తెడే తవ్వితే కుక్కలు తోడేస్తాయి. పని అయ్యాక ఒక పుల్లతో కాస్త మట్టి కలిపి, ఆ పుల్లను కూడా గోతిలోనే వదిలి, తవ్విన మట్టి తిరిగి కప్పాలి. పైన ఆకులు పరిస్తే ఇంకా మంచిది.

నల్లమల, శేషాచలం లాంటి అడవులకు నలుగురైదుగురు వెళ్తే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. వేడీ తేమా ఉన్న మట్టి పని త్వరగా చేస్తుంది. ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్ దారిలో కిందనున్న దేవదారు అడవుల్లోనూ ఇదే నయం. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. నాగలాపురం లాంటి చోట నడకంతా వాగు వెంటే. చదునుగా కనిపించేదల్లా వాగు ఇసుకే, తవ్వడానికీ అదే సులువు. చాలామంది అక్కడే కానిచ్చేస్తారు. వేసవిలో ఎండిపోయి ఉంటే అది వాగన్న సంగతే గుర్తుండదు. మొదటి వాన పడగానే అదంతా కింది గుండంలోకి చేరుతుంది, ఆ గుండంలోనే తర్వాతి వారం ఇంకో గ్రూపు ఈత కొడుతుంది. వాగు లోయల్లో గట్టెక్కి, వాలు మీదికి 70 అంగలు వెళ్లాల్సిందే. ఆయాసం వస్తుంది, అయినా తప్పదు.

అసలు గొడవ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం లాంటి చోట మొదలవుతుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది డిసెంబరు, జనవరిల్లో, మంచు కోసం. మంచులో తవ్వింది గొయ్యి కాదు. కింది నేల గడ్డకట్టి ఉంటుంది, పార దిగదు. మంచులో పూడ్చింది ఫ్రిజ్‌లో పెట్టినట్టు అలాగే ఉండి, మంచు కరిగే రోజుల్లో నేల మీద తేలుతుంది. దారిలో క్యాంపు వేసే చోట జూడా కా తలాబ్ ఉంది, పేరుకు తగ్గట్టే చెరువు. చుట్టూ వాలు మీద కరిగినదంతా దిగేది అందులోకే. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీ నుంచి మన వెంటపడి వచ్చే కుక్కలకు మంచు తవ్వడం ఆట. ఇక చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక, కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ లాంటి చోట పచ్చిక మైదానాల్లో, మట్టి పలుచన, చలి ఎక్కువ. విశన్‌సర్ సరస్సు దగ్గరో గడ్‌సర్ సరస్సు దగ్గరో చాటు కావాలంటే దొరికేది ఒక బండరాయి, అది తరచూ ఏరు పక్కనే ఉంటుంది. అమెరికాలోని మొంటానా కొండల్లో 1980ల మొదట్లో మలంలో సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా కలిపి పూడ్చి చూశారు. దాదాపు ఏడాది తర్వాత కూడా అది బతికే ఉంది. అంటే మనం పూడ్చిన గొయ్యి కంటికి కనిపించకపోవచ్చు గానీ, వచ్చే ఏడాది అక్కడ క్యాంపు వేసేవాళ్లకు దాని ప్రమాదం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇక టాయిలెట్ టెంటు. ట్రెక్కింగ్ కంపెనీ ద్వారా వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది ఇదే: సన్నగా నిలువుగా ఉండే గుడారం, లోపల రెండు మూడు అడుగుల గొయ్యి, పక్కన మట్టికుప్ప, ఒక పార. చాటు ఉంటుంది, జిప్ ఉంటుంది, ఎవరైనా వస్తారేమోనన్న టెన్షన్ ఉండదు. మొదటిసారి వచ్చేవాళ్లకు ఈ ధైర్యం చిన్న విషయం కాదు. లేకపోతే రెండు రోజులు బిగబట్టి, మూడో రోజు కడుపునొప్పితో నడవలేకపోయే రకం మనలో చాలామంది.

కానీ నేలకు ఇది మంచిదా అంటే, నాకు అనుమానమే. లెక్క వేయండి. మనిషికి రోజుకు 150 గ్రాములు అనుకున్నా, 20 మంది గ్రూపుకు 3 కిలోలు. సీజన్‌లో ఒకే మైదానంలో 5 గ్రూపులు దిగితే రోజుకు 15 కిలోలు, నెలకు 450. అదంతా ఒకే గుట్ట చుట్టూ, పైమట్టి కిందికి, గాలి ఆడని చోటికి పోతుంది. పైగా చాలామంది మట్టి వేయకుండా బయటికొచ్చేస్తారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో బుగ్యాల్‌లలో, అంటే ఎత్తు మీది పచ్చిక మైదానాల్లో, రాత్రి బస నిషేధించింది. రూప్‌కుండ్ దారిలోని బేద్నీ, ఆలీ బుగ్యాల్‌ల పాడు గురించి వేసిన పిటిషన్ మీద వచ్చిన తీర్పు అది. ఆ పాడంతా టాయిలెట్ గోతుల వల్లేనని అనను. కానీ ఒకే చోట అంతమంది దిగడంలో గోతుల వంతూ ఉంటుంది.

టెంటును అసలు వద్దని కొట్టిపారేయను. డబ్బు కట్టే ముందు కంపెనీ వాళ్లను కొన్ని అడగండి. గొయ్యి నీటికి ఎంత దూరంలో తవ్వుతారు? ప్రతి గ్రూపుకీ కొత్త చోట తవ్వుతారా, పాతదే మళ్లీ తెరుస్తారా? మంచు ఉన్న క్యాంపులో ఏం చేస్తారు? "మంచులోనే తవ్వుతాం సార్" అన్నారంటే ఆ కంపెనీని వదిలేయండి. నాకు నచ్చిన టెంటు పద్ధతి ఒకటే, కింద డబ్బా పెట్టి, రంపపు పొట్టో కొబ్బరి పొట్టో చల్లుతూ వాడి, నిండాక కిందికి దించేది. లడఖ్ పల్లెల్లో ఎప్పటినుంచో ఇలాంటి ఏర్పాటే ఉంది. పైగదిలో రంధ్రం, కింద గదిలో మట్టీ బూడిదా కలిసి నెలల తరబడి ఎండుతూ, చివరికి పొలానికి ఎరువవుతుంది. నీళ్లు తక్కువ, చలి ఎక్కువ ఉన్న చోట పుట్టిన తెలివి అది. అక్కడ ట్రెక్ చేస్తే ఊళ్లలో ఆగినప్పుడు అదే వాడండి. అందులో నీళ్లు మాత్రం పోయకండి, దాని పని చెడేది నీళ్లతోనే.

మూడోది వినగానే ముఖం చిట్లించేది: మన మలం మనమే సంచిలో మోసుకురావడం. కాలిఫోర్నియాలో ఉండి మౌంట్ విట్నీకి పర్మిట్ తీసుకున్న మనవాళ్లకు ఇది కొత్త కాదు, అక్కడ అది నియమం. అలాస్కాలోని డెనాలీ మీద మూత బిగించే డబ్బాలు ఇస్తారు. ఒకప్పుడు మంచు చీలికల్లో పారేసేవాళ్లు. హిమానీనదం కదులుతూ దాన్ని కిందెక్కడో బయటికి తెస్తుందని తేలాక, 2018 నుంచి 14 వేల అడుగుల క్యాంపుకు కింద పోగైనదంతా దించుకుపోవాల్సిందేనన్నారు. ఎవరెస్టు వైపు ఖుంబూ పసాంగ్ ల్హాము గ్రామీణ మున్సిపాలిటీ కూడా 2024లో బేస్ క్యాంపు పైకి వెళ్లేవాళ్లకు ఈ సంచులు తప్పనిసరి చేసింది.

ఈ పని కోసమే అమ్మే ఆ సంచిలో ఉండేది డైపర్లలో వాడే పొడి లాంటిదే. తడిని పీల్చి జెల్లీలా గట్టిపరుస్తుంది, వాసన తగ్గిస్తుంది. లోపలి సంచి ముడేసి, దాన్ని మందమైన జిప్ సంచిలో వేసి మూసేస్తే, నిజం చెప్పాలంటే, రెండు రోజులు వేసుకున్న సాక్సుల కన్నా కంపు తక్కువ. బరువు 4 రోజులకు 600 గ్రాములు, సంచులతో కలిపి ముప్పావు కిలో. అంతకన్నా ఎక్కువ బరువున్న చిప్స్, మిక్చర్ పొట్లాలు మనవాళ్లు పైకి మోసుకెళ్తూనే ఉంటారు. ఒక్క మాట, దీన్ని కంచరగాడిద మీద వేసే సామాన్లలోకో పోర్టర్ బుట్టలోకో తోయకండి. ఎవరిది వాళ్లే, సొంత బ్యాగు బయటి జేబులో.

మన దేశంలో దీనికున్న చిక్కు దిగాక మొదలవుతుంది. అమెరికాలో ఆ సంచిని మామూలు చెత్తడబ్బాలో వేయవచ్చు, అక్కడి చెత్త ఏర్పాటు అలాంటిది. ఇక్కడ కొండ కింది పల్లెలో చెత్తడబ్బాలో వేస్తే దాన్ని చేత్తో ఏరేది ఎవరో మనకు తెలుసు. అలాగని కమోడ్‌లో గుమ్మరించకూడదు, ఆ పొడి ఉబ్బి పైపు మూసుకుపోతుంది. అందుకే పొడి లేకుండా, సంచి అడుగున రంపపు పొట్టు పోసి వాడి, కిందికొచ్చాక సాదా గుంట మరుగుదొడ్డిలో ఖాళీ చేయడం నాకు సబబుగా కనిపిస్తుంది. సంచిని మాత్రం మళ్లీ మూటకట్టి ఊరికి తెచ్చుకోవాలి. అడ్డమైన చాకిరీయే. అయినా మంచులో, చెట్టు లేని ఎత్తులో నా ఓటు దీనికే.

నీళ్లా, పేపరా, వైప్సా?

దీనికి మాత్రం నా దగ్గర 'చోటును బట్టి' అన్న జవాబు లేదు. నీళ్లే మేలు. పావు లీటరు చాలు. పాత ప్లాస్టిక్ బాటిల్ మూతకు రెండు మూడు రంధ్రాలు పెట్టుకుంటే నొక్కగానే సన్నటి ధార వస్తుంది. బాటిల్‌కు బిగించే చిన్న బిడే మూతలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. చలికాలంలో ఆ బాటిల్‌ను రాత్రి స్లీపింగ్ బ్యాగులో పక్కనే పెట్టుకోండి, పొద్దున్నే గడ్డకట్టిన నీళ్లతో కుస్తీ తప్పుతుంది. కడిగిన నీళ్లు గోతిలోకే పోవాలి. బాటిల్ చేతబట్టుకుని ఏటి ఒడ్డుకు వెళ్లి కడుక్కోవడం మాత్రం ఘోరం, ఆ ఏటి నీళ్లతోనే కింద మన వంటవాడు పప్పు పెడుతుంటాడు.

పేపర్ ఎండలో, తడి మట్టిలో కరిగిపోతుందనుకుంటాం. చలి ఉన్న చోట నెలల తరబడి తెల్లగా అలాగే పడి ఉంటుంది. బండరాయి వెనకాల చాటు కోసం వెళ్లినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. వాడితే జిప్ సంచిలో వేసుకుని తెచ్చుకోవాలి. అక్కడే కాల్చేద్దామన్న ఆలోచన వద్దు. మే, జూన్‌లలో ఉత్తరాఖండ్‌లో చీర్ పైన్ ఆకులు నేలంతా ఎండి ఉంటాయి, వాటికి నిప్పు అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. వెట్ వైప్స్ అన్నిటికన్నా అధ్వానం. బట్టలా కనిపిస్తాయి గానీ చాలావాటిలో ప్లాస్టిక్ నారే ఉంటుంది, పూడ్చినా పోదు. స్నానం లేని రోజుల్లో ముఖానికీ చంకలకూ రెండు వాడుకోండి, కాదనను. వాటినీ వెనక్కి తీసుకురావాలి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన చిన్న కాటన్ తువ్వాలు అదే పని చేస్తుంది, ఎండలో బ్యాగుకు తగిలిస్తే ఆరిపోతుంది.

చేతుల సంగతి. శానిటైజర్ రాసుకుంటే అయిపోయిందనుకోవద్దు. విరేచనాలు పట్టించే నోరోవైరస్, క్రిప్టోస్పోరిడియం లాంటివాటి మీద అది సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే కావాలి, అదీ ఏటికి దూరంగా. 'బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్న సబ్బు కూడా నీటిలో వాడేది కాదు, మట్టి మీద వాడేది. ఒకే గిన్నెలో మ్యాగీ పంచుకునే గ్రూపులో ఒకరి చేయి బాగోకపోతే అందరి కడుపూ చెడుతుంది.

మూత్రానికి ఇంత హైరానా అక్కర్లేదు, నీటికి దూరంగా వెళ్తే చాలు. ఎత్తులో చలికి ఎక్కువసార్లు వస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా డాక్టర్ చెప్పి డయామాక్స్ మాత్ర వేసుకుంటుంటే ఇంకా ఎక్కువ, ఆ మందు గుణమే అది. రాత్రి లేవాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అది ప్రమాదం, తలనొప్పితో మొదలై ఎత్తు జబ్బేదో, నీటి కొరతేదో తేల్చుకోలేని స్థితికి వస్తుంది. నిలబడి పోయడానికి గరాటు లాంటి పరికరం ఉంది, బాగానే పనిచేస్తుంది, ఇంట్లో స్నానాల గదిలో అలవాటు చేసుకుని రావాలి. నా మటుకు అంతకన్నా ఉపయోగం గొడుగు. బండరాయి కూడా లేని మైదానంలో తెరిచి అడ్డం పెట్టుకుంటే అదే తలుపు.

నెలసరి రోజులు ట్రెక్‌లో పడితే మెన్‌స్ట్రువల్ కప్పా (నెత్తురు పట్టడానికి లోపల పెట్టుకునే మెత్తటి గిన్నె), ప్యాడా? నేలకూ బరువుకూ కప్పే నయం. చెత్త ఉండదు, కప్పు తయారుచేసే కంపెనీలు 8 నుంచి 12 గంటల దాకా ఉంచుకోవచ్చంటాయి, నెత్తురు జానెడు గోతిలో పోసి పూడ్చవచ్చు. కానీ పెట్టుకునే ముందు చేతులు సబ్బుతో శుభ్రంగా కడగాలి, కప్పును తాగే నీళ్లతో కడగాలి. చలికి వేళ్లు కొంకర్లు పోయిన చోట ఇది తేలిక కాదు. కాబట్టి ఇంట్లో రెండు మూడు నెలలు వాడి అలవాటైనవాళ్లకే కప్పు. కొత్తవాళ్లు ప్యాడ్లే తెచ్చుకోండి, వాడినదాన్ని కాగితంలో చుట్టి, కనిపించని నల్ల జిప్ సంచిలో కాస్త ఎండు టీపొడి చల్లి వేసుకోండి. ప్యాడ్‌ను పూడ్చడం, టాయిలెట్ టెంటు గోతిలో వేయడం రెండూ కుదరవు, అందులో ప్లాస్టిక్ పొర ఉంటుంది. నొప్పి మాత్రలు రెండు ఎక్కువే పెట్టుకోండి, పైన మెడికల్ షాపు ఉండదు.