‘నారుకుళ్లు రాదు’ అని రాసి అమ్మే మట్టి మిశ్రమంతో జాగ్రత్త

నారు పోసుకోవడానికి రెడీమేడ్ మిశ్రమం కొనేవాళ్లకు ఒక మాట. ‘స్టెరిలైజ్ చేసినది, ట్రైకోడెర్మా (తెగులును అణచే మంచి శిలీంధ్రం) కలిపినది, నారుకుళ్లు రానే రాదు’ అని బస్తా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, మీ దగ్గరున్న విత్తనాలన్నీ ఒకేసారి అందులో వేసేయకండి. ఆన్‌లైన్‌లో కొన్న అలాంటి బస్తా వల్ల నా టమాటా, మిరప నారు దాదాపు అంతా పోయింది.

విప్పగానే లోపల చెమ్మ, పుల్లటి వాసన. సన్నటి నల్ల ఈగలు పైకి లేచాయి. ఈ ఈగల పురుగులు లేతవేళ్లను కొరుకుతాయి, తెగులును ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేస్తాయి. మొలకలు మాత్రం బాగానే వచ్చాయి. తర్వాత కాండం మొదట్లో, సరిగ్గా మట్టిని ఆనుకున్న చోట, నానినట్టు మెత్తబడి సన్నగా నొక్కుకుపోయింది. ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే మొక్కలు పక్కకి ఒరిగాయి. ట్రేలో ఒక మూల మొదలై చుట్టూ పాకింది. కొన్ని గడుల్లో అసలు మొలకే లేదు, తవ్వి చూస్తే గింజ లోపలే కుళ్లి ఉంది. అదీ ఈ తెగులే. చాలామంది ఇక్కడ విత్తనాన్ని తిట్టుకుంటారు, మిశ్రమం అమ్మినవాళ్లు తప్పించుకుంటారు.

అమ్మినవాళ్ల జవాబు: ‘నీళ్లు ఎక్కువ పోశారు.’ తడి ఎక్కువైతే తెగులు రెచ్చిపోతుంది, కాదనను. కానీ ఈ తెగులు తెచ్చే సూక్ష్మజీవి, పిథియమో, రైజోక్టోనియానో, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఉత్త నీళ్లలోంచి పుట్టదు. అందుకే అదే మిశ్రమాన్ని కొంచెం తడిపి, 82 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట వేడిచేసి, చల్లారాక అవే గింజలు వేశాను. శుభ్రం చేసిన ట్రే, అదే చోటు, నీళ్లు కూడా అంతే. వేడిచేసిన దాంట్లో నారు నిలబడింది, చేయనిదాంట్లో పడిపోయింది.

ఇక ట్రైకోడెర్మా సంగతి. అది బతికున్న శిలీంధ్రం. ఏ జాతి, గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూ (బతికి పెరగగల కణాల లెక్క), ఎప్పుడు తయారైంది, ఎప్పటిదాకా పనిచేస్తుంది అన్నవి బస్తా మీద ఉండాలి. నా బస్తా మీద ఒక్కటీ లేదు. పైగా కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కూడా కలిపామని గొప్పగా రాశారు! ఆ మందు ట్రైకోడెర్మానే అణచేస్తుంది. రెండూ ఒకే బస్తాలో ఉన్నాయంటే ఒకటి దండగే. కార్బెండజిమ్ రైజోక్టోనియా మీద పనిచేస్తుంది కానీ పిథియం మీద పనిచేయదు, ఎందుకంటే పిథియం అసలైన శిలీంధ్రమే కాదు. ‘ఇంకో డోసు చల్లండి’ అని సలహా ఇచ్చినవాళ్లకు ఈ విషయం తెలుసో లేదో మరి. ఒరిగిపోయిన మొక్కను ఏ మందూ లేపలేదు.

కాబట్టి కొనేముందు ఆ నాలుగు వివరాల ఫొటో అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. బస్తా తడిగా, వాసనతో వస్తే వాడకండి. స్టెరిలైజ్ చేసిన మట్టిలోకి తర్వాత తెగులు చేరితే దాన్ని అడ్డుకునే మంచి సూక్ష్మజీవులు అందులో ఉండవు, ఇంకా తొందరగా పాకుతుంది. ముందు కొన్ని గింజలతో పరీక్షించండి. ఇంట్లో వేడిచేసేవాళ్లు 82 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే మొక్కకు హాని చేసే పదార్థాలు విడుదలవుతాయి. పాత ట్రేలను కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, మళ్లీ కడగండి. గింజలు పలచగా వేయండి, గాలి ఆడనివ్వండి.

బస్తా విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. ‘విప్పిన సరుకుకు డబ్బు వాపసు లేదు’ అని నా ఫిర్యాదును మూసేశారు. విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.