ఏడేళ్ల ఈ-రీడరు, నాన్నగారి బీరువా

చత్వారం ముదిరి, పాత పుస్తకాల్లోని చిన్న అక్షరాలు కళ్లకు ఆనని స్థితి వచ్చినప్పుడు, అంటే 2018లో, పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం, ఆరంగుళాల తెర ఉన్న ఈ-రీడరు ఒకటి కొన్నాను. పి.గన్నవరం మండలంలో, గోదావరి ఏటిగట్టు లోపల ఉన్న లంక గ్రామం మాది. ఇంట్లో నాన్నగారి బీరువా నిండా పుస్తకాలున్నాయి. ఈ ఏడేళ్లలో రెండింటినీ దాదాపు సమానంగా వాడాను కనుక, తెలుగు చదువరికి ఏది ఎంతవరకు అక్కరకొస్తుందో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

కళ్ల విషయంలో ఈ-రీడరు నాకు చేసిన మేలు పెద్దది. ఇది ఫోను తెర వంటిది కాదు. కంటికి ఆనని గుళికల్లో తెలుపు, నలుపు రేణువులు వేర్వేరు విద్యుదావేశాలతో ఉంటాయి. పేజీ తిప్పినప్పుడు విద్యుత్తు వాటిని కదిలిస్తుంది, ఆ తరువాత అవి కదిలిన చోటే నిలిచిపోతాయి. అందుకే నడి మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నా అక్షరం కాగితం మీది సిరాలాగే కనిపిస్తుంది. కొత్తలో రోజుకు గంటన్నర చదివినా ఛార్జింగు మూడు వారాలు వచ్చేది, ఇప్పుడు పది రోజులు వస్తోంది. ఇంగ్లీషు పుస్తకాల మటుకు నాకు దీనిపై ఏ ఫిర్యాదూ లేదు.

చిక్కంతా తెలుగుతోనే వచ్చింది. నాకు కావలసిన తెలుగు పుస్తకాల్లో అధిక భాగం పాత ప్రతులను స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరికాయి. స్కాన్ చేసిన పేజీ ఉత్త బొమ్మ కనుక, అక్షరం పెంచితే వాక్యం తెర దాటిపోతుంది, పేజీ మొత్తం పట్టిస్తే ఒత్తులు చుక్కల్లా మిగులుతాయి. అంచుల్లోని ఖాళీని ముందుగా కంప్యూటరులో కత్తిరించి, రీడరును అడ్డంగా తిప్పి చదివితే కొంత నయం. ఉచిత పుస్తకాల వెబ్‌సైటు తెలుగు వికీసోర్స్ నుంచి దించుకున్న, తెర కొలతకు తగ్గట్టు వాక్యాలు సర్దుకునే ఈపబ్ పుస్తకాలు ఇంతకన్నా ఎంతో హాయిగా ఉన్నాయి, కానీ వాటిలోనూ మొదట ‘రాష్ట్రం’ అన్న మాటలో రెండో ఒత్తు కింది వరుస తలకట్టును తాకేది. పొడవైన సమాసం వరుసలో పట్టక కిందికి దిగితే, పైన మిగిలిన మూడు మాటల మధ్య వేలు పట్టేంత ఖాళీ వచ్చేది. వేరే తెలుగు ఫాంటు ఎక్కించి, వరుసల మధ్య ఎడం పెంచి, కుడి అంచు సమానంగా ఉండాలన్న పట్టు వదిలేశాక ఆ బాధ తీరింది. అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో కాక, అచ్చు కోసం వాడిన పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను మార్చి, ప్రూఫు దిద్ది ఈపబ్‌గా ఇవ్వడం శ్రమే అయినా, ఆ శ్రమ ప్రచురణకర్తలు పడి తీరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎంత మంచి తెర అయినా అందులో పెట్టుకోవడానికి పుస్తకం ఉండాలి కదా.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక అయిన 17.75 అడుగులు దాటి పెరిగినప్పుడు, ఎర్రనీరు మా వసారా దాటి బీరువా కింది రెండు అరల్లోకి వచ్చింది. నాలుగు రోజులు కరెంటు లేకుండా డాబా మీదే ఉన్నాం. పాలిథిన్ సంచిలో భద్రంగా ఉన్న ఈ-రీడరును ఆ నాలుగు రాత్రులూ మళ్లీ ఛార్జింగు పెట్టకుండానే చదివాను. నీరు తీశాక చూస్తే, పుస్తకాలు ఉబ్బిపోయి, అరలో బిగుసుకుని బయటికి రాలేదు. విడదీసిన పుటల మధ్య సన్నని ఒండ్రు మైదాపిండిలా వేలికి అంటింది. పుటపుటకూ పాత పేపరు పెట్టి, నీడన ఆరబెట్టి, ముప్పై పైచిలుకు పుస్తకాలు దక్కించుకున్నాను. నునుపు కాగితం మీద అచ్చయినవి మాత్రం అట్టలా అతుక్కుపోయాయి. నాన్నగారు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న అర్థాలు చెక్కుచెదరలేదు, ఇంకుతో రాసినవి నీలి మరకలయ్యాయి. వరద రాని ఏడాది కూడా మా ఊరి చెమ్మకు వేపాకు, కలరా ఉండలు తప్పవు.

ఇంత జరిగినా పద్యాలు, నిఘంటువు నేను కాగితం మీదే చదువుతున్నాను. ఫలానా పద్యం ఎడమ పుటలో, మరకకు కాస్త పైన ఉందని చేతికే గుర్తుంటుంది. ఈ-రీడరు చూపే శాతం అంకె అలా గుర్తుండదు. అర్థం కోసం వెనక్కీ ముందుకూ తిప్పవలసిన పుస్తకంలో ఈ తేడా అడుగడుగునా తెలుస్తుంది. నవలలకు, వ్యాసాలకు ఆ అవసరం తక్కువ కనుక వాటిని ఈ-రీడరులోనే చదువుతాను.

కొత్తగా కొనేవారికి నాదొక మాట. తెలుగు స్కాన్ పుస్తకాలే ఎక్కువగా చదవదలిస్తే ఆరంగుళాల తెర కొనకండి, పది అంగుళాలది ఖరీదెక్కువైనా అదే నయం. సొంత ఫాంటు ఎక్కించుకునే వీలుందో లేదో ముందే కనుక్కోండి. తెలిసినవారి దగ్గర అలాంటి రీడరే ఉంటే, డబ్బు కట్టకముందే అందులో ఒక తెలుగు పుస్తకం తెరిపించి ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న మాటలు ఎలా కనిపిస్తున్నాయో మీ కళ్లతో చూసుకోండి.