చీ సావ్ సాధనా, తేలికపాటి స్పారింగా?

వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నేర్చుకునేవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చీ సావ్ అంటే అంటుకున్న చేతులు. ఇద్దరూ ముంజేతులు ఆనించి తాన్ సావ్, బోంగ్ సావ్, ఫూక్ సావ్ అనే చేతి భంగిమలు మారుస్తూ చేతులు తిప్పుతుంటారు. ఎదుటివాడి ఒత్తిడి ఎటు పోతోందో చర్మానికే తెలియాలి. కళ్లకు గంతలు కట్టుకుని చేసేవాళ్లూ ఉన్నారు. అడ్డు తొలగిన క్షణమే చెయ్యి ముందుకు దూసుకుపోతుంది. అంత దగ్గర్లో ఆ స్పర్శజ్ఞానం స్పారింగ్‌లో, అంటే జోడీతో చేసే సాధన పోరులో, అంత తొందరగా అబ్బదు.

చిక్కల్లా ఒకటే, అక్కడ చేతులు ముందే కలిసి ఉంటాయి. నిజం గొడవలో ఎవడూ ముంజేయి తెచ్చి మన చేతికి ఆనించడు కదా!

స్పారింగ్‌లో చేతులు కలిసేదాకా ఉన్న దూరం మనమే దాటాలి. మౌత్‌గార్డ్ పెట్టుకుని, సగం బలం కూడా వాడకుండా చేసినా అడుగుల తడబాటు, లోపలి భయం బయటపడతాయి. గ్లవ్స్ మందమైతే మాత్రం స్పర్శ మొద్దుబారుతుంది. హాంకాంగ్‌లో వింగ్ చున్ గురువు ఇప్ మాన్ శిష్యుడు వాంగ్ షున్ లియుంగ్ బేమో అనే ముఖాముఖి పోరాటాల్లో పేరు తెచ్చుకున్నాడు, అయినా చీ సావ్ నేర్పడం మానలేదు.

నన్నడిగితే, కొత్తవాళ్లకు మొదట చీ సావ్. చేతులు కాస్త కుదిరాక వారానికో రోజైనా స్పారింగ్, అదీ పంతాలకు పోని జోడీతో.