ఫారం ముట్టకముందు కాగితాలు చదివే నెట్ సెంటర్ (హన్మకొండ)

హన్మకొండ చౌరస్తా నుంచి వేయి స్తంభాల గుడి దిక్కు పోయే తొవ్వల ఒక గల్లీ, గల్లీ మలుపుల వేపచెట్టు, దాని ఎనుక ఒక్క షట్టర్ దుకాణం. నడిపేది ఒక అక్క. పేరు రాయొద్దన్నది, జనం ఎక్కువైతే పని పాడైతదట. అందుకే రాస్తలేను.

నేను కరీమాబాద్‌ల ఇంట్లనే బట్టలు కుడత. మా ఆయన ఏనుమాముల మార్కెట్ల హమాలీ. బిడ్డ సర్కారు హైస్కూల్ల తొమ్మిది. పోయినేడు ఎనిమిదిల ఉన్నప్పుడు లెక్కల సార్ ఎంటబడి ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష, అంటే పేదింటి పిల్లలకు సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష, రాయించిండు. బిడ్డ సెలెక్ట్ అయింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాక ఏడాదికి 12,000. నాలుగేండ్లకు 48,000. మా ఇంట్ల ఆ పైసల విలువ ఏందో నాకు తెలుసు.

పరీక్ష పాసైతే పైసలు వాటంతట అవే వస్తయనుకున్న. రావు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ల మళ్ల దరఖాస్తు పెట్టాలె, ప్రతి ఏడూ రెన్యూవల్ చేయాలె. మా ఇంటి పక్క ఒక సెంటర్‌ల మొదలు పెట్టిచ్చిన. పది నిమిషాలల్ల చేసి, చిన్న చీటీ మీద నంబర్ రాసిచ్చి, 150 తీసుకున్నడు. నెల దాటినా కదలిక లేదు. బడిల అడిగితే మీది మాకు కనబడుతలేదమ్మా అన్నరు. అప్పుడు మా ఆడబిడ్డ ఈ అక్క దగ్గరికి పొమ్మన్నది.

అక్క మా చీటీ చూసి కంప్యూటర్ ముట్టలేదు. ముందుగాల ఆధార్, బడి బోనఫైడ్, ఇన్‌కం సర్టిఫికెట్, పాస్‌బుక్ నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పేర్ల మీద వేలు పెట్టుకుంట చదివింది. ఆధార్‌ల ఇంటిపేరు పూర్తిగ ఉన్నది, పాస్‌బుక్‌ల ఒక్క అక్షరమే. "ఇది సరిజేసుకొని రా బిడ్డా, రేపు అడ్డం వస్తది" అన్నది నా బిడ్డతోని. తర్వాత పాత దరఖాస్తు తెరిచి, "ఈ ఫోన్ నంబరు ఎవరిది?" అని అడిగింది. మాది కాదు, ఆ మొదటి సెంటర్ ఆయనది! ఓటీపీలన్నీ ఆయన ఫోనుకే పోతున్నయి. ఆయన దగ్గరికి పోయి, ఎదురుగ కూసొని నంబరు మార్పించుకొని రమ్మని, ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చింది. ఆ రోజు ఒక్క రూపాయి తీసుకోలేదు.

నాకు బాగా నచ్చింది ఖాతా సంగతి. బ్యాంకుల ఆధార్ జిరాక్సు ఇచ్చినం కదా, లింకు అయిపోయిందనుకున్న. అక్క చెప్పింది, జిరాక్సు ఇచ్చుడు వేరు, బ్యాంకుల నడుమ పైసల లావాదేవీలు నడిపే ఎన్‌పీసీఐల మ్యాప్ అయ్యుడు, అంటే ఆధార్ ఖాతాకు జతయ్యుడు, వేరు. ఒక ఆధార్‌కు ఒక్క ఖాతనే మ్యాప్ అయితది, సర్కారు పైసలు దాంట్లనే పడుతయి. ఆధార్ వెబ్‌సైటుల చూపెడితే మాది మ్యాప్ కాలేదు. బ్యాంకుకు పోయి సీడింగ్ ఫారం అడగమన్నది. రెండు సార్లు తిరిగినం, అయింది.

ఓటీఆర్‌కు, అంటే పోర్టల్‌ల ఒక్కసారే చేసుకునే రిజిస్ట్రేషన్‌కు, మొకం స్కాన్ కావాలె. దుకాణంల ట్యూబ్‌లైట్ కింద మూడు సార్లు ఫెయిల్ అయింది. అక్క ఫోను పట్టుకొని బిడ్డను వేపచెట్టు కిందికి తీసుకపోయి, ఎండ మొకం మీద పడేటట్టు నిలబెట్టి, "కండ్లు ఆర్పు, మళ్ల తెరువు" అన్నది. వెంటనే అయింది. 14 అంకెల ఓటీఆర్ నంబర్ బిడ్డతోనే నోటుబుక్కుల రాయించింది. దరఖాస్తు కూడా బిడ్డనే టైపు చేసింది, అక్క పక్కన నిలబడి ఒక్కొక్క గడి పైకి చదివించింది. నా బిడ్డ మౌస్ మీద చెయ్యి పెట్టుడు అదే మొదటిసారి. మొదట వణికింది, చివరికి అక్క చెప్పకముందే "నెక్స్ట్" నొక్కుతున్నది.

సబ్మిట్ కొడితే పని కాలేదు అనేది కూడా అక్కనే చెప్పింది. బడిల పెద్ద సార్ లాగిన్‌ల వెరిఫై చేయాలె, తర్వాత జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుల. అందుకే రెండు ప్రింట్లు ఇచ్చి, ఒకటి కాగితాలతోని బడిల ఇవ్వమన్నది. వారంకొకసారి స్టేటస్ చూసుకునుడు బిడ్డకు నేర్పింది. మొత్తం తీసుకున్నది 80 రూపాయలు, ప్రింట్లతో కలిపి.

ఇంకో మాట కూడా చెప్పింది, అది మా ఇంట్ల పెద్ద చర్చ అయింది. పదిల 60 శాతం రావాలె, ఇంటర్ సర్కారు కాలేజీల గాని, ఎయిడెడ్‌ల గాని చదవాలె. ప్రైవేటుల చేరితే ఈ స్కాలర్‌షిప్ ఆగిపోతది. ఇక్కడ పది పరీక్షలు కాకముందే ప్రైవేటు కాలేజీలోళ్లు ఇంటికొస్తరు, అందుకే ముందే తెలుసుడు మంచిదైంది. గురుకులంల చదివే మా ఆడబిడ్డ బిడ్డకు మాత్రం ఈ స్కాలర్‌షిప్ వర్తించదు, అక్కడ తిండి, ఉండుడు సర్కారే ఇస్తది కాబట్టి. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 లోపు ఉండాలె.

ఇబ్బందులు లేవని కాదు. కూసునేటందుకు ఒక్క స్టూలే. బడి ఇడిచినంక పిల్లలు నిండిపోతరు, గంట నిలబడాలె. కరెంటు పోతే పని బంద్. ఆఖరి తారీఖు నాడు వచ్చినోళ్లను అక్క గట్టిగనే తిడుతది, ఒక పెద్దాయన చిన్నబుచ్చుకొని పోయిండు. ఆ మాట కొంచెం మెత్తగ చెప్తే బాగుండు అనిపించింది నాకు. పొద్దున పది లోపు పోతే మంచిది.

పైసలు పోయిన నెల పడ్డయి. మెసేజ్ వచ్చినప్పుడు బిడ్డ బడిల ఉన్నది, నేను మిషన్ ఆపి ఆ ఫోను అట్లనే పట్టుకొని కూసున్న. మరునాడు చెప్పేటందుకు పోతే, అక్క తన రిజిస్టర్ తీసి మా బిడ్డ పేరు ఎదుట "అందింది" అని రాసి, కింద ఇంకో గీత కొట్టి, "రెన్యూవల్, తొమ్మిది మార్కుల మెమో తేవాలె" అని రాసుకున్నది.