లీకేజ్ క్లాంప్ మీటర్: లాడ్జి వైరింగ్‌లో కొన్నేళ్లు వాడాక

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో కరెంటు పనులు చూస్తుంటాను. కనపడని ఫాల్టు పట్టడానికి నేను ముందుగా చేతిలోకి తీసుకునేది లీకేజ్ క్లాంప్ మీటరే.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఊరికే పడిపోతోందని ఫోన్ వస్తుంది. వెళ్లేసరికి అన్నీ బాగానే ఉంటాయి. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టాలంటే సప్లై తీసి, న్యూట్రల్ విప్పి, టీవీలూ ఎల్‌ఈడీ లైట్లూ విడదీసి, అప్పుడు 500 వోల్టులు ఎక్కించాలి. దర్శనం చేసుకుని అర్ధరాత్రి వచ్చేవాళ్లు, తెల్లారకముందే కొండకు బయల్దేరేవాళ్లు ఉండే చోట కరెంటు ఎప్పుడు ఆపేది?

క్లాంపుకు ఆ ఇబ్బంది లేదు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి దాని నోట్లో పెడితే చాలు. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తే సున్నా చూపిస్తుంది. తేడా ఉందంటే అంత కరెంటు ఎర్త్‌లోకి పోతున్నట్టే.

ఒక లాడ్జిలో నవంబరు వానలప్పుడు రాత్రిళ్లు మాత్రమే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ట్రిప్ అయ్యేది. అందరి అనుమానమూ గీజర్ల మీదే. ఆర్‌సీసీబీ కూడా మార్చారు, ఫలితం లేదు. మీటరు పెడితే వాన లేని రోజే 14 మిల్లీ ఆంపియర్లు. ఒక్క చోట ఫాల్టు కాదది, ప్రతి గదిలోని టీవీ, ఎల్‌ఈడీ డ్రైవర్ల ఫిల్టర్ల నుంచి కొంచెం కొంచెంగా చేరిన లీకేజీ. 30 అని రాసి ఉన్నా 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. పైగా మిద్దె మీద రాత్రిళ్లు వెలిగే లైటు జంక్షన్ బాక్సులోకి వాన నీళ్లు దిగుతున్నాయి. బాక్సు మార్చి, గదుల్ని రెండు ఆర్‌సీసీబీలకు పంచాక సమస్య పోయింది.

ఓనర్లు ఆర్‌సీసీబీతో విసిగిపోయి "దాన్ని తీసేసి డైరెక్ట్‌గా ఇచ్చెయ్‌ప్పా" అంటారు. నేను ఒప్పుకోను. తడి బాత్రూంలో వట్టి కాళ్లతో గీజర్ కింద నిలబడేది ఎవరి బిడ్డో.

లోపాలూ ఉన్నాయి. లూజు జాయింటు వేడెక్కుతుంటే ఇది పట్టలేదు, లీకేజీ ఉండదు కాబట్టి. దానికి థర్మల్ కెమెరానే కావాలి. ఎక్కువ కరెంటు మోసే పెద్ద బస్‌బార్ల (లోహపు పట్టీల) పక్కన రీడింగ్ తప్పుతుంది, వైర్లు నోటి మధ్యలో ఉండేలా పట్టుకోవాలి. మామూలు ఏసీ క్లాంపు సోలార్ వైపు డీసీ లీకేజీని చూడలేదు.

కొనేటప్పుడు మిల్లీ ఆంపియర్ స్కేలు, మాక్స్ హోల్డ్ (అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రీడింగ్‌ను నిలిపి ఉంచేది) రెండూ ఉన్నదే తీసుకోండి. వచ్చి పోయే ఫాల్టుకు మాక్స్ హోల్డ్ లేకపోతే మీటరు ముందు రాత్రంతా కూర్చోవాల్సిందే.